ఆటుకీ పోటుకీ మధ్య

ఇంజన్ ఆపేశాక కూడా దాని అదురు కాసేపు అరికాళ్ళలో మిగిలింది. లంగరు గొలుసు గలగలా దిగి ఆగింది. సరంగు చక్రం వదిలేసి, ఒడ్డున కూలిపోయిన పాత ఇటుకల రేవు వైపు ఒకసారి, నీళ్ళ వైపు ఒకసారి చూసి, "ఇంకా లాగుతోంది. కాసేపు ఆగుదాం" అన్నాడు. ఆటు అయిపోవస్తోంది. పొద్దున్నించీ నది తన కడుపులో ఉన్న సముద్రాన్ని సముద్రానికే తిరిగి అప్పగిస్తోంది, ఇక ఇచ్చేది పెద్దగా మిగల్లేదు. ఇంకాసేపట్లో నీళ్ళు నిలబడతాయి, అటు పోకుండా ఇటు రాకుండా, గదిలోకి ఎందుకొచ్చామో మరిచిపోయి గుమ్మంలో ఆగిపోయిన మనిషిలా. డైవర్లు దిగి పైకి రావాల్సింది ఆ ఒక్క గంటలోనే. తర్వాత పోటు తిరిగితే ఈ మలుపులో మనిషి నిలవలేడు. ఈ సంగతి పడవలో అందరికన్నా నాకే బాగా తెలుసు, ఈ నీళ్ళ రాకపోకలు లెక్కగట్టడమే రేవు సర్వే ఆఫీసులో నా ఉద్యోగం. తెలిసి కూడా, పడవ పక్కనుంచి సముద్రం వైపు సాగిపోతున్న చిన్న నురుగు ముద్దని చూస్తూ, ఆగు, ఇంకొంచెం నెమ్మదించు, అని లోపల్లోపల బతిమాలుకుంటున్నాను.

అక్క నా పక్కన కూర్చుని ఉంది. రావద్దని చెప్పి చూశాను. నిన్న సాయంత్రం తను పనిచేసే కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళి, నీళ్ళు నమిలి నమిలి, రేపు దిగుతున్నారు, నువ్వు ఇంట్లోనే ఉండు, ఏ సంగతైనా నేను ఫోన్ చేస్తాను అన్నాను. అరగదీస్తున్న అద్దాన్ని దీపానికి ఎత్తి పట్టుకుని చూస్తూ, "మొగుడు నాకా నీకా?" అంది. నవ్వుతూనే అంది. అక్క నవ్వుతూ అన్న మాటకి ఎదురు చెప్పడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. పొద్దున్న నాకన్నా ముందే రేవుకి వచ్చి మెట్ల మీద నిలబడి ఉంది, ఫ్లాస్కు నిండా టీ పెట్టుకుని, బావ పాత స్వెటరు వేసుకుని. ఆ స్వెటరు మోచేతుల దగ్గర ఆమె ఎన్నిసార్లు అల్లి అతికిందంటే, ఇప్పుడందులో బావ వేసుకున్న ఊలు ఎంత ఉందో, తర్వాత చేరిన ఊలు ఎంత ఉందో చెప్పడం కష్టం.

బావ బోయాల మనిషి. నదీముఖంలో ఓడలకి దారి చూపించడానికి గొలుసులు కట్టి వదిలే పెద్ద ఇనప పీపాలు, వాటి మీద దీపాలు, కొన్నిటి మీద గంటలు, అలకి ఊగినప్పుడల్లా అవే మోగుతాయి. తుప్పు గోకడం, దీపం మార్చడం, తెగిన గొలుసు అతకడం ఆయన పని. చిన్న చెక్క లాంచీలో ఒక్కడే వెళ్ళేవాడు. మంచు దట్టంగా ఉన్న రోజుల్లో గంట చప్పుడు వినే ఏ బోయా ఏదో చెప్పేవాడని రేవులో ఆయన్ని గంటాయన అనేవాళ్ళు. నేను అప్పుడే ఉద్యోగంలో చేరాను. పగలంతా కంప్యూటరు ముందు కూర్చుని నదిని లెక్కేస్తానంటే ఆయనకి భలే వినోదం. అన్నం తింటూ, "నీ నీళ్ళకి ఒక్కటే లోటు మరదలా, తడవ్వు" అనేవాడు. నేను ఉడుక్కునేదాన్ని. అక్క ఆయన కంచంలో ఇంకో గరిటె వడ్డిస్తూ, "మీ నీళ్ళు తడిపిన బట్టలు ఉతికేది నేను, దాని నీళ్ళే నయం" అనేది. ఆ మాటలు ఏ రోజువో చెప్పలేను. ఒక రోజువి కావు. అవే మాటలు, అదే బల్ల, అదే కుర్చీ కిర్రు, మళ్ళీ మళ్ళీ, ఏ సాయంత్రం ఏదో తెలియనంతగా ఒకదానిమీద ఒకటి పడిపోయాయి.

ఆ పొద్దున మాత్రం ఒక్కటే. చివరి గంట బోయా మోగడం లేదని కబురొస్తే వెళ్ళాడు. ఆకాశం మామూలుగానే ఉంది. తర్వాత ఎవరూ అనుకోని గాలి ఒకటి పడమటి నుంచి వచ్చి, అరగంట పాటు రేవులో టార్పాలిన్లు పీకి, ఎలా వచ్చిందో అలాగే పోయింది. బావ రాలేదు. ఆ సమయానికి ఆటు నడుస్తోంది గనక లాంచీ సముద్రంలోకి కొట్టుకుపోయి ఉంటుందని, ఉన్న పడవలన్నీ సముద్రం మీదికి వెళ్ళాయి. రోజుల తరబడి వెతికారు. ఒక చెక్క ముక్క లేదు, నూనె తెట్టు లేదు. వెతకడం ఆపేశాక ఊళ్ళో ఇంకో మాట లేచింది. గంటాయనకి ఏం కాలేదట, లాంచీతో సహా పై రేవుకి ఉడాయించాడట, అక్కడ ఎవరో ఉందట. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. పొగ వచ్చాక నిప్పు ఎక్కడుందో ఎవరూ చూడరు. ఒక ఓడ వంటవాడు, దూరపు రేవులో చమురు పట్టే చోట ఆయన్ని చూశానని ఒట్టేసి చెప్పాడు, గడ్డం పెంచాడని, ఎవరితోనో నవ్వుతున్నాడని.

అక్కా నేనూ ఆ రేవుకి వెళ్ళాం. చమురు వాసనేసే ఒక టీ కొట్టులో, తలుపుకి ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాం, వచ్చే ప్రతి మగవాడి మొహం చూస్తూ, పోయే ప్రతి మగవాడి మెడ చూస్తూ. మొహం గడ్డంతో మారుతుంది, మెడ మారదు అంది అక్క. మొదటి రోజు ఎవరూ లేరు. రెండోరోజు మధ్యాహ్నం నేను ఒకణ్ణి చూశాను. అదే నడక, ఎడం భుజం కాస్త కిందికి జారవిడిచి, బరువేదో మోసి అప్పుడే దించినట్టు. అక్క చూసిందేమోనని తిరిగాను. అక్క కూడా అటే చూస్తోంది, కప్పు పెదాలకి తాకించి, తాగకుండా. అతను తిరిగాడు. ఎవరో. మాకేసి చూసి మర్యాదగా తలూపి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ భుజం నాకు ఎక్కడెక్కడో కనిపించింది, బస్సు దిగుతూ, మెట్లెక్కుతూ, ఒకసారి మా ఆఫీసు వరండాలోనే, మలుపు తిరిగి మాయమవుతూ. ప్రతిసారీ పిలవబోయి ఆగేదాన్ని. పిలిస్తే తిరుగుతాడు, తిరిగితే బావ కాడు.

నురుగు ముద్ద ఆగింది. పడవ పక్కనే, కాస్త గుండ్రంగా తిరిగి, నిలబడింది. సరంగు తలాడించాడు. ఇద్దరు డైవర్లు అంచు మీద వెనక్కి వాలి, ఒకరి తర్వాత ఒకరు నీళ్ళలోకి జారిపోయారు. ఈ కాలంలో ఈ నీళ్ళలో వేలు పెట్టినా ఎముకలోకి దిగుతుంది. మందపాటి సూట్లు వేసుకుని కూడా పెద్ద డైవరు దిగేముందు పళ్ళు బిగించడం చూశాను. తాడు పట్టుకున్నతను కొంచెం కొంచెంగా వదులుతున్నాడు. నీళ్ళు వాళ్ళ మీద కలిసిపోయాయి. బుడగలు మాత్రం పైకి వస్తున్నాయి, గుప్పెడు, కాసేపు ఆగి ఇంకో గుప్పెడు. అక్క ఫ్లాస్కు మూత తీసి, మళ్ళీ పెట్టేసింది.

ఇక్కడ దిగమని చెప్పింది నేను. నా లెక్క. రేవులో దారి పూడుతోంది, ఒండ్రు ఎక్కడ చేరుతోందో తేల్చమని మా చీఫ్ పోయినేడు నన్ను అడిగాడు. వినడానికి చిన్న పనే. పోటుకి లోపలికి వచ్చిన రేణువు ఆటుకి బయటికి పోతుంది, మైళ్ళు వస్తుంది, మైళ్ళు పోతుంది, కానీ సరిగ్గా బయల్దేరిన చోటికే చేరదు. పోయిన దూరంలోంచి వచ్చిన దూరం తీసేస్తే ఒక చిటికెడు మిగులుతుంది. ఆ చిటికెడే పోటు తర్వాత పోటు కూడి దిబ్బ అవుతుంది. ఆ చిటికెడు కావాలంటే నీళ్ళ లెక్క ఎక్కడా పొల్లు పోకూడదు. మామూలు పద్ధతిలో నదీముఖమంతా అద్దంలా కదలకుండా ఉన్నట్టు పెట్టి మొదలెడతాం. అలాంటి క్షణం ఈ నదికి ఎప్పుడూ లేదు, అది మనం చెప్పే అబద్ధం. తర్వాత పోటు పంపిస్తాం, ఆటు లాగుతాం, మళ్ళీ పోటు, మళ్ళీ ఆటు, ఆ మొదటి అబద్ధాన్ని నీళ్ళు మరిచిపోయి ప్రతి పోటూ వెనకటి పోటులాగే వచ్చేదాకా నడిపిస్తూ పోవాలి. మా మిషన్ మీద ఒక్క పోటుకే ఒక రోజు పడుతుంది. మరవడానికి నెలలు. మరిచిందనుకున్నాక కూడా అడుగున ఎక్కడో కాస్త మిగిలి, నాకు కావలసిన చిటికెడుని అదే మింగేస్తుంది.

నాకు చదువు చెప్పిన మేడమ్ ఒకసారి నల్లబల్ల మీద పెద్ద సున్నా చుట్టి, సుద్దముక్క దాని మీదే తిప్పుతూ, "తిరిగి తిరిగి వచ్చేదానికి మొదలెందుకే? చివరే మొదలనుకో" అంది. ఒక పోటూ ఒక ఆటూ కలిపి ఒక చుట్టు. ఆ చుట్టు మీద కొన్ని క్షణాలు ఎంచుకోవాలి, దండలో పూసల్లా. ఒక్కో పూస దగ్గర నీళ్ళెలా ఉన్నాయో వరసగా అడక్కూడదు, అన్నిటినీ కలిపి ఒకేసారి అడగాలి, ఒకదాన్ని కదిపితే దండంతా కదులుతుంది గనక. అలా అడిగితే సర్దుకునేదాకా కాచుకోవడం ఉండదు, సర్దుకున్న నీళ్ళే నేరుగా చేతికొస్తాయి. నెలల పని ఒక మధ్యాహ్నంలో తెమిలిపోతుంది. మా నదిలో చంద్రుడి లాగుడిది ఒక తాళం, సూర్యుడి లాగుడిది ఇంకోటి, రెండిటికీ కుదిరేలా పూసలు గుచ్చడానికి నాకు చలికాలమంతా పట్టింది. ఈ పద్ధతికి ఒకటే గుడ్డితనం. తిరిగి వచ్చేదే దానికి కనిపిస్తుంది. ఒక్కసారి వచ్చి పోయేది దానికి లేనట్టే. బావని ముంచిన ఆ గాలి నా లెక్కలో ఎక్కడా లేదు.

కానీ గాలి తర్వాతి నీళ్ళున్నాయి. కంప్యూటర్లో ఒండ్రు రేణువులు వేలకి వేలు చుక్కలుగా వదిలి చూస్తున్న ఒక మధ్యాహ్నం, ఆఫీసులో అందరూ టీకి వెళ్ళినప్పుడు, బావ లాంచీ అనుకుని ఇంకొక్క చుక్క వదిలాను. చివరి గంట బోయా దగ్గర, ఆ పొద్దుటి ఆటు వేళకి. చెక్క లాంచీ బోర్లాపడితే వెంటనే మునగదు, నీళ్ళ మట్టానికి తేలుతూ రోజులు కొట్టుకుపోతుంది, ఇది రేవులో చిన్నపిల్లలకి కూడా తెలుసు. మొదటిసారి పూసలు తక్కువ పెట్టానేమో, ఆ చుక్క అందరూ అన్నట్టే సముద్రంలోకి పోయింది. పూసలు పెంచాను. ఈసారి బయటికి పోయినట్టే పోయి తిరిగొచ్చింది. ఇక్కడ పోటు తొందరగా, బలంగా వస్తుంది, ఆటు తీరిగ్గా పోతుంది, ఆ తేడాకి చుక్క ఒక్కో చుట్టుకీ కాస్త కాస్త లోపలికి జరిగింది. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ, తలుపు తీస్తారో తియ్యరో తెలియక ఇంటిముందు పచార్లు చేసే మనిషిలా. చివరికి ఈ పాత ఇటుకల రేవు వెనక, ఈ మలుపులో, సుడిలో చిక్కుకుని ఇంక కదల్లేదు. నేను కుర్చీలోంచి లేచి వెళ్ళి కిటికీ మూశాను. చలిగాలి ఏమీ రావడం లేదు, ఊరికే మూశాను.

ఊరి రేవు నుంచి అవతలి ఒడ్డుకి పోయే ఫెర్రీ ఈ మలుపు మీదుగానే వెళ్తుంది. కళ్ళజోళ్ళ షాపు అవతలి ఒడ్డున ఉంది. అక్క ఈ ఏడేళ్ళుగా రోజూ పొద్దున్న అటు, సాయంత్రం ఇటు. ఆ చుక్క ఆగిన మర్నాడు నేనూ అక్కతో ఫెర్రీ ఎక్కాను. కిటికీ పక్కన కూర్చుని, కాగితం కప్పులో టీ ఊదుకుంటూ, షాపుకి వచ్చిన ఎవరో ముసలాయన, కళ్ళజోడు తల మీదే పెట్టుకుని కొత్తది కావాలన్న సంగతి చెప్పి నవ్వుతోంది. ఇటుకల రేవు దగ్గరికి రాగానే నా కాళ్ళు నేల మీద ఆనలేదు. పైకెత్తి కూర్చున్నాను. "ఏంటే, ఎలకా?" అంది అక్క. ఏం లేదన్నాను. చాలా నెలలు ఏం లేదనే అన్నాను. వచ్చే వసంతంలో దారి లోతు చేయడానికి తవ్వే ఓడ వస్తోంది, కింద అడ్డమేమన్నా ఉంటే ముందే తెలియాలి అని చీఫ్‌కి చెప్పి, ఇక్కడ అడుగు వెతికించాను. పరికరం ఇనుము చూపించింది, ఇంజనంత ఇనుము. అప్పుడు చెప్పాను అక్కకి, వంటింట్లో. చాలాసేపు విని, "రోజూ వెళ్ళే దారిలోనా?" అని ఒక్కటే అడిగి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

బుడగలు ఇప్పుడు రెండు చోట్ల వస్తున్నాయి. నీళ్ళు నూనెలా ఉన్నాయి. దూరంగా ఒడ్డున ఎవరో మేకు కొడుతున్నారు, చప్పుడు నీళ్ళ మీద నడిచొస్తోంది. దొరకాలనే అనుకుంటున్నానా నేను? దొరికితే ఊరి నోరు మూతపడుతుంది. దొరక్కపోతే నా లెక్క తప్పు, బావ బతికి ఎక్కడో గడ్డంతో నవ్వుతూ ఉండొచ్చు. రెండిట్లో ఏది కోరుకున్నా ఆయనకి అన్యాయమే.

"నీకొకటి చెప్పాలి" అంది అక్క, బుడగల మీంచి చూపు తిప్పకుండా.

"చెప్పు."

"ఆయన పోయి ఎవర్నో చేసుకున్నాడన్న మాట ఎవరు పుట్టించారనుకున్నావు?"

"పక్కింటావిడ. ఇంకెవరు."

"నేను."

తాడు పట్టుకున్నతను వినిపించనట్టు అటు తిరిగాడు. అక్క గొంతు తగ్గించలేదు, పెంచలేదు. "ఇంక వెతకం అని వచ్చి చెప్పారు చూడు, ఆ రోజు. అందరూ నన్ను చూసే చూపు మారిపోయింది. నాకు ఊపిరాడలేదు. పక్కింటావిడ పాలు ఇవ్వడానికొస్తే ఒక్క ముక్క అన్నాను, ఈమధ్య ఆయన మనసు ఇంట్లో లేదు పిన్నీ, ఎవరో ఉన్నారేమో అని. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు కదా. సాయంత్రానికి ఊరంతా తిరిగి మా ఇంటికే వచ్చింది."

"ఎందుకే?"

"వదిలేసిపోయినవాడైతే ఎక్కడో ఒకచోట ఉంటాడు కదా" అంది. "నవ్వనీ, తిట్టనీ, ఇంకొకత్తితో తిననీ. ఉంటాడు. నాలుగు రోజులయ్యేసరికి నేనే నమ్మేశాను. ఆ రేవులో టీ కొట్టులో కూర్చున్నప్పుడు నిజంగానే వెతికాను. అబద్ధం కాదది."

కప్పు పెదాలకి తాకించి తాగకుండా ఉండిపోయిన అక్క మొహం, అప్పుడు నేను భయమనుకున్నాను, ఇప్పుడు చూస్తే అందులో ఆశ తప్ప ఇంకేం లేదు. అక్క స్వెటరు చేతుల్ని వేళ్ళ మీదికి లాక్కుంది. "మామయ్య" అని ఆగిపోయింది. చెప్పక్కర్లేదు, నాకు కనిపిస్తూనే ఉంది. బావ వాళ్ళ నాన్న. ఓడల తాళ్ళు అల్లే పనిలో వేళ్ళన్నీ కాయలు కాచిన మనిషి. ఊళ్ళో మాట విన్నాక కొడుకు ఫోటో గోడ మీంచి తీసేశాడు. వాడి పేరు నా దగ్గర ఎత్తొద్దన్నాడు. అంతటితో ఆగలేదు. అక్క దగ్గరికి వచ్చి, గుమ్మం దాటకుండా బయటే నిలబడి, చేతులు జోడించి, "నా పెంపకం తప్పమ్మా" అన్నాడు. నేను అప్పుడక్కడే ఉన్నాను. ఆ రోజునుంచీ వారం వారం వచ్చి ఆ ఇంట్లో ఏదో ఒకటి బాగుచేసి పోతాడు, కారే కుళాయి, బిగుసుకుపోయిన తలుపు, మొండి కత్తి. టీ ఇస్తే తాగుతాడు, కుర్చీ వేస్తే కూర్చోడు. కొడుకు చేసినదానికి తండ్రి కూలి చేసి తీరుస్తున్నాడు.

"ఆ చేతులు జోడించినప్పుడు చెప్పేయాల్సింది. చెప్తే..." అంది అక్క. "చెప్తే మీ బావ నిజంగా పోయినట్టే. అందుకని ఆ దణ్ణం తీసుకున్నాను."

తాడు రెండుసార్లు గట్టిగా ఊగింది. పెద్ద డైవరు తల నీళ్ళని చీల్చుకుని పైకొచ్చింది. అంచు పట్టుకుని, మూతి గొట్టం తీసి, దగ్గి, సరంగు వైపు వంగి ఏదో చెప్పబోయాడు.

"ఇటు చెప్పండి, నాకు" అంది అక్క.

అతను ఆమెకేసి చూశాడు. కళ్ళ చుట్టూ అద్దం నొక్కిన గుర్తు ఎర్రగా ఉంది. "చెక్క లాంచీ అమ్మా. పక్కకి ఒరిగి ఒండ్రులో కూరుకుపోయింది. చుక్కాని గది తలుపు రాదు, బయటినుంచి ఇసక బిగిసిపోయింది. కిటికీ తుడిచి లైటు వేశాను." ఊపిరి తీసుకున్నాడు. "లోపల ఉన్నారు."

ఉన్నారు. ఏడేళ్ళుగా ఊరంతా బావని వాడు, పోయాడు, ఉడాయించాడు అంటోంది. అక్కడ, నీళ్ళ కింద, ఒక పరాయి మనిషి ఆయన్ని చూసి వచ్చి, మర్యాదగా, ఉన్నారు అన్నాడు.

"కాళ్ళకి బూట్లున్నాయా?" అంది అక్క.

"ఉన్నాయమ్మా. కిటికీ దగ్గరికే కనిపిస్తున్నాయి. ఒకదానికి నల్ల లేసు, ఒకదానికి తెల్లది."

"తెల్లది నేను వేసిందే. నల్లది తెగిపోతే ఆ పొద్దున ఇంట్లో ఇంకోటి దొరకలేదు" అంది. "ఎవరు చూస్తారులే నీళ్ళ మధ్య అన్నాడు." అలా అని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడుస్తుందనుకుని భుజం మీద చెయ్యి వేశాను. స్వెటరు లోపల ఆమె ఒళ్ళు గట్టిగా, కదలకుండా ఉంది, చెక్క అంచు మీద చెయ్యి వేసినట్టు ఉంది.

తలుపు రాదు అన్నాడు. బయటినుంచి బిగిసింది అన్నాడు. ఇసక తర్వాత వచ్చింది, మునిగాక, అది నాకు తెలుసు. మరి అంతకు ముందు? బోర్లాపడ్డ లాంచీలో గదికి కప్పుగా మారిన నేల కింద గాలి నిలుస్తుంది, కాసేపు. ఎంతసేపు? నా చుక్క ఆ మొదటి సాయంత్రం ఎక్కడుందో నాకు తెలుసు. పడవలన్నీ సముద్రం మీద వెతుకుతుండగా, మొదటి పోటుతో లోపలికి వచ్చింది, ఊరి రేవు మెట్ల ముందునుంచి, మేమందరం లాంతర్లు పట్టుకుని సముద్రం వైపు చూస్తూ నిలబడ్డ మెట్ల ముందునుంచి, మేం చూడని వైపుగా పోయింది. ఆ గది ఎంత, అందులో గాలి ఎంత, ఒక మనిషి ఊపిరికి ఎంత, ఇవన్నీ కాగితం మీద నాలుగు వరసల లెక్క. పూసలక్కర్లేదు, మిషనక్కర్లేదు. ఆ లెక్క నేను వెయ్యను. ఎవరు అడిగినా వెయ్యను. కానీ నా లోపల ఎవరో అప్పుడే వేయడం మొదలుపెట్టారని, ఇక జీవితాంతం సగంలో ఆపుతూ, మళ్ళీ మొదటినుంచి వేస్తూనే ఉంటారని నాకు తెలిసిపోయింది. నురుగు ముద్ద ఎప్పుడు కదిలిందో చూడలేదు. నది లోపలి వైపుగా, ఊరి వైపుగా, చాలా దూరం పోయింది.

"తిరిగింది" అన్నాడు సరంగు మెల్లగా. రెండో డైవరుని పైకి లాగుతున్నారు. అక్క బ్యాగులోంచి ఫోను తీసింది. ఎవరికి అని నేను అడగలేదు. మామయ్యకి కాస్త చెవుడు, స్పీకరు పెట్టి గట్టిగా మాట్లాడటం ఆమెకి అలవాటు.

"మామయ్యా, నేను."

"చెప్పమ్మా. వంటింటి కుళాయి మళ్ళీ కారుతోందా?"

"కాదు. మీ అబ్బాయి దొరికాడు." ఆగి, ఇంకా గట్టిగా అంది, "ఎక్కడికీ పోలేదు మామయ్యా. ఎవరితోనూ పోలేదు. ఆ రోజే, ఆ గాలికే. పాత ఇటుకల రేవు దగ్గర లాంచీలోనే ఉన్నాడు, ఇక్కడే, ఇన్నాళ్ళూ. పోయాడని మాట పుట్టించింది నేను. మీరు నాకు దణ్ణం పెట్టారు. నేను తీసుకున్నాను."

అవతల కుర్చీ ఒకటి జరిగిన చప్పుడు, తర్వాత అదీ లేదు. పడవలో అందరూ ఎటో ఒకవైపు చూస్తున్నారు. లైను తెగిపోయిందేమోనని అక్క ఫోను చెవికి దగ్గరగా పెట్టుకుంది. అప్పుడు ఆయన గొంతు వచ్చింది, తిట్టకుండా, ఏడవకుండా, పక్కగదిలో నిద్రపోతున్నవాణ్ణి లేపకూడదన్నట్టు.

"అక్కడ నీళ్ళు బాగా చల్లగా ఉంటాయా అమ్మా?"

అక్క స్వెటరు చెయ్యి మోచేతి పైకి లాక్కుని, పడవ అంచు మీంచి వంగి, చెయ్యి నీళ్ళలోకి పెట్టింది. మణికట్టు దాకా, మోచేతి దాకా. పోటు ఆ చేతిని అటూ ఇటూ ఒరుసుకుంటూ రెండుగా చీలి పోతోంది.

"లేవు మామయ్యా" అంది. "గోరువెచ్చగా ఉన్నాయి."

ఆయన ఇంకా ఏదేదో అడిగాడు, ఆమె జవాబులు చెప్పింది. ఫోను పెట్టేసేదాకా ఆ చెయ్యి బయటికి తియ్యలేదు. తీశాక నేను నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. వేళ్ళు నీలంగా కొయ్యబారిపోయి ఉన్నాయి, ముడుచుకోవడం లేదు.